రక్తకణాలు విరుగుతున్నాయంటే ముందు బీ12 సంగతి అడగండి

మిమ్మల్ని చూడ్డానికి అమెరికా వచ్చిన అమ్మగారికి హిమోగ్లోబిన్ 6కి పడిపోయిందని, రోగనిరోధక శక్తే ఎర్ర రక్తకణాలను విరగ్గొడుతోందేమోనని, స్టెరాయిడ్లు మొదలుపెడదామంటున్నారని రాశారు. టెన్షన్ పడాల్సిన విషయమే. అయితే హెమటాలజిస్టును, అంటే రక్తవ్యాధుల డాక్టరును, ఇవాళే రెండు ప్రశ్నలు అడగండి. విటమిన్ బీ12 చూశారా? రెటిక్యులోసైట్ కౌంట్, అంటే మూలుగ కొత్తగా వదిలిన లేత ఎర్రకణాల లెక్క, ఎంత?

బీ12 బాగా తగ్గితే మూలుగలో తయారయ్యే ఎర్రకణాలు ఎదగకుండానే అక్కడే విరిగిపోతాయి. కుండలు సంతలో పగిలినా, ఆవంలోనే పగిలినా మిగిలేవి పెంకులే కదా. కణాలు విరిగితే రక్తంలోకి వచ్చే ఎల్‌డీహెచ్ బాగా పెరగడం, బిలిరుబిన్ పెరిగి కళ్లు పచ్చబడడం, విరిగిన కణాల హిమోగ్లోబిన్‌ను పట్టుకునే హాప్టోగ్లోబిన్ పడిపోవడం రెండు జబ్బుల్లోనూ ఉంటాయి. రోగనిరోధక శక్తి వల్ల కణాలు పోతుంటే మూలుగ సాధారణంగా కొత్తవాటిని గబగబా వదులుతుంది, రెటిక్యులోసైట్లు పెరుగుతాయి. బీ12 లోపంలో రక్తం అంత తగ్గినా అవి పెరగవు. ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే కూంబ్స్ టెస్ట్ పాజిటివ్ వచ్చినా తేలిపోయినట్టు కాదు, బీ12 లోపం ఉన్న కొందరిలోనూ అది పాజిటివ్ వస్తుంది.

పుట్టినప్పటి నుంచి శాకాహారం అన్నది ఇక్కడి డాక్టరుకు మనం చెప్తే తప్ప తట్టకపోవచ్చు. పప్పు, ఆకుకూరలు ఎంత తిన్నా బీ12 రాదు. సహజంగా అది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం లాంటివాటిలోనే ఉంటుంది. షుగర్‌కి ఏళ్ల తరబడి వాడే మెట్‌ఫార్మిన్, రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర కూడా దాన్ని తగ్గిస్తాయి. మన పెద్దవాళ్లు గ్యాస్ మాత్రను అసలు మందుగానే లెక్కపెట్టరు, అడిగినా చెప్పరు. ఊరి నుంచి తెచ్చుకున్న స్ట్రిప్పులన్నీ కవర్లో వేసి పట్టుకెళ్లండి. మన బ్రాండు పేర్లు ఇక్కడివాళ్లకు తెలియవు, స్ట్రిప్పు మీద మందు అసలు పేరు ఉంటుంది. ఆసుపత్రిలో తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, డబ్బు కట్టక్కర్లేదు. కొడుకు అనువదిస్తుంటే అమ్మ కొన్ని సంగతులు దాచేస్తుంది.

మాంసాహారులకు ఈ బాధ లేదనుకోవద్దు. పెర్నీషియస్ ఎనీమియాలో రోగనిరోధక శక్తి దాడి చేసేది పొట్ట లోపలి పొరమీద, రక్తకణాల మీద కాదు. దాంతో తిన్న బీ12 ఒంటికి పట్టదు.

అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు ఉంటే తప్పకుండా చెప్పండి. నరాల దెబ్బ ఆలస్యమైతే పూర్తిగా తగ్గకపోవచ్చు. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. బీ12 నార్మల్‌గా వచ్చినా అనుమానం తీరకపోతే బీ12 తక్కువైతే రక్తంలో పెరిగే మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్ష ఉంది. ఇంజెక్షన్ ఇవ్వకముందే, రక్తం ఎక్కించకముందే శాంపిల్ తీయమనండి. అలాగని ఫలితం కోసం వైద్యం ఆపొద్దు.

లోపం బీ12దే అయితే స్టెరాయిడ్ల వల్ల ఆ లోపం తీరదు, పైగా షుగర్ పెరుగుతుంది. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే మాత్రం మీ అంతట మీరు మానిపించకండి. నిజంగానే రోగనిరోధక జబ్బయితే అది ప్రాణం మీదికి తెస్తుంది, రెండూ కలిసి ఉండడమూ అరుదుగా జరుగుతుంది. బీ12 ఇంజెక్షన్లు మొదలైన వారం రోజుల్లో రెటిక్యులోసైట్లు పెరగాలి. ఆ మొదటి రోజుల్లో పొటాషియం పడిపోవచ్చు, అదీ చూస్తున్నారో లేదో కనుక్కోండి.