చేతులకి జెర్మ్స్ ఉన్నాయని పాప ఏడుస్తోంది, ఏం చెప్పాలి?

ప్రశ్న: నమస్తే అండి. మా పాపకి 6 ఏళ్లు, బాబుకి 10. స్కూల్లో చేతులు కడుక్కోవడం గురించి ఏదో వీడియో వేశారట, అందులో జెర్మ్స్‌ని కోరలున్న రాక్షసుల్లా చూపించారట. అప్పట్నుంచి పాప మాటిమాటికీ సింక్ దగ్గరికే పరిగెడుతోంది, వేళ్ల సందులు ఎర్రబడి పొట్టు లేస్తున్నాయి. పైగా మావాడు ఎక్కడో చదివొచ్చి "నీ ఒంట్లో నీ కణాల కంటే బ్యాక్టీరియానే పదింతలు ఎక్కువ" అనేశాడు, ఇక రాత్రి నిద్రపోతే ఒట్టు. అది నిజమేనా? ఇంత చిన్నపిల్లలకి ఇవన్నీ చెప్పొచ్చా, పెద్దయ్యాక చెప్తే సరిపోతుందా?

జవాబు: బాబు చదివింది పాత లెక్కండి, చాలా ఏళ్లు పుస్తకాల్లో కూడా అదే రాసేవాళ్లు కాబట్టి వాడి తప్పేం లేదు. 2016లో శాస్త్రవేత్తలు మళ్లీ కూర్చుని లెక్కేస్తే 70 కిలోల మనిషిలో సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు, బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు అని తేలింది, అంటే దాదాపు సమానం అనుకోవచ్చు. ఆ బ్యాక్టీరియా అన్నీ కలిపి తూకం వేసినా 200 గ్రాముల దగ్గరే ఉంటాయి, ఎందుకంటే ఒక్కోటీ మన కణం కంటే బాగా చిన్నది. అందులోనూ ఎక్కువ భాగం పెద్దపేగులోనే. ఈ లెక్కని బాబు చేతే చెల్లికి చెప్పించండి, భయపెట్టిన నోటితోనే ధైర్యం చెప్తే పిల్లలు తొందరగా నమ్ముతారు.

ఇక చెప్పొచ్చా అంటే, ఇప్పుడు చెప్పాల్సిందే. పాపకి సగం విషయం ఆల్రెడీ తెలిసిపోయింది, అదీ భయపెట్టే సగం, మిగతా సగం మనం చెప్పకపోతే తనే ఊహించుకుంటుంది. నా సలహా అయితే చేతులతో కాకుండా నోటితో మొదలుపెట్టండి, ఎందుకంటే అక్కడ వాటిని పట్టుకుని చూడొచ్చు. పొద్దున లేవగానే, బ్రష్ చేయకముందు, నాలుకతో పళ్ల మీద రాసి చూడమనండి, కాస్త జిగటగా ఏదో పొర తగులుతుంది, బ్రష్ అయ్యాక మళ్లీ రాయమంటే నున్నగా జారుతుంది. ఆ పొర బ్యాక్టీరియా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని కట్టుకున్నదే. మైక్రోస్కోప్ లేకుండా ఇంత దగ్గరగా తెలిసే చోటు ఒంట్లో ఇంకోటి లేదనే చెప్పొచ్చు.

ఆ తర్వాత లీవెన్‌హుక్ సంగతి చెప్పండి, పిల్లలకి భలే నచ్చుతుంది. హాలండ్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్లో బట్టల వ్యాపారి ఆయన, లెన్సులు తనే అరగదీసి మైక్రోస్కోపులు చేసుకునేవాడు. రోజూ ఉప్పుతో పళ్లు తోముకునే మనిషే, అయినా పళ్ల సందుల్లో తెల్లగా పాచి కనిపిస్తే గీకి తీసి వాననీళ్లలో కలిపి చూశాడు, చూస్తే అందులో ఏవో చకచకా కదిలిపోతున్నాయి. జన్మలో పళ్లు తోమని ఒక ముసలాయన నోట్లోంచి కూడా తీసి చూశాడు, అందులో ఇంకా బోలెడు! 1683లో ఇదంతా లండన్‌లో రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి ఉత్తరం రాశాడు. ఆయన భయపడలేదు, ఆశ్చర్యపోయాడు. పాపకి మనం అందించాల్సింది ఆ ఆశ్చర్యమే.

చేతుల విషయానికొస్తే, చర్మం మీద రెండు రకాలుంటాయి, ఎప్పుడూ అక్కడే కాపురం ఉండేవి, దేన్నో ముట్టుకున్నప్పుడు అంటుకుని వచ్చేవి. 1938లోనే ప్రైస్ అనే సర్జన్ ఈ తేడా చెప్పాడు. సబ్బు పని ఆ వచ్చిన వాటిని వదిలించి నీళ్లతో పంపేయడం. కాపురం ఉండేవి చర్మం మడతల్లో, వెంట్రుకల కుదుళ్లలో ఉంటాయి, ఎంత తోమినా పూర్తిగా పోవు, పోవాల్సిన అవసరం కూడా లేదు. సీట్లన్నీ నిండిన బస్సులో కొత్తవాళ్లకి చోటు దొరకనట్టు ఇవి అక్కడ ఉండబట్టే జబ్బు చేసేవి అంత తేలిగ్గా స్థిరపడలేవు. పాప ఇప్పుడు తోముతున్నంత తోమితే చర్మం పగులుతుంది, పగిలిన చర్మంలోంచి సూక్ష్మజీవులు లోపలికి దూరడం ఇంకా సులువు, ఇది మాత్రం తనకి మెల్లగా అర్థమయ్యేలా చెప్పండి.

అలాగని అన్నీ మంచివే అని అబద్ధం చెప్పొద్దు, పిల్లలు రేపు కనిపెట్టేస్తారు. ఎక్కడుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది చాలావరకు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనేది సుమారు 30 శాతం మంది ముక్కులో ఊరికే ఉంటుంది, అదే గాయంలోకి పోతే చీము పట్టిస్తుంది. పేగులో ఉండే ఇ.కోలై (E. coli) అనే బ్యాక్టీరియా అక్కడ ఉన్నంతవరకు మామూలుగా ఏ గొడవా చేయదు, మూత్రం దారిలోకి వెళ్తే ఇన్ఫెక్షన్. పళ్ల మీద స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ ఉంటుంది, మనం తిన్న పంచదారని యాసిడ్‌గా మార్చి పన్ను తొలిచేది అదే, బ్రష్ ఎందుకో దీంతో చెప్పేయొచ్చు.

పాపకి నచ్చేది ఇంకోటుంది. తల్లిపాలలో కొన్ని రకాల చక్కెరలుంటాయి, వాటిని పసిపిల్ల అరిగించుకోలేదు, మరి ఎందుకున్నాయంటే పేగులో ఉండే బిఫిడోబ్యాక్టీరియాకి అవి తిండి. అంటే అమ్మ పాలిచ్చేది బిడ్డకొక్కదానికే కాదు, బిడ్డ కడుపులో ఉన్నవాటికి కూడా! తను మీ పాలు తాగిన పిల్లయితే ఈ మాట ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పండి.

బాబుకి చెమట వాసన గురించి చెప్పండి, చెమటకి సొంతంగా వాసన పెద్దగా ఉండదు, చంకల్లో బ్యాక్టీరియా దాన్ని తిని వదిలేదానికే ఆ వాసన, ఇంకో రెండుమూడేళ్లలో వాడికి ఎలాగూ పనికొస్తుంది. బ్రెడ్ ముక్కని చేత్తో ముట్టి కవర్లో పెట్టి బూజు చూపించే ప్రయోగం ఒకటి స్కూళ్లలో చేయిస్తారు కదా, అది నాకు అంత ఇష్టం లేదు, ఆ బూజు చాలావరకు గాల్లోంచి వచ్చే ఫంగస్, చేతి మీద కాపురం ఉండే బ్యాక్టీరియా కాదు, పైగా పిల్లల భయం ఇంకా పెరుగుతుంది.

కడుక్కోవడానికి టైమ్‌లు పెట్టేయండి: తినేముందు, బాత్రూమ్‌కెళ్లాక, బయట్నుంచి వచ్చాక, దగ్గో తుమ్మో చేతిలో పడ్డాక, ఇలా. 20 సెకన్లు మామూలు సబ్బు చాలు, యాంటీబ్యాక్టీరియల్ అక్కర్లేదు. కడిగిన వెంటనే తడి తుడిచి మాయిశ్చరైజర్ రాయండి. ఇంత చెప్పాక కూడా ఒకట్రెండు వారాల్లో తగ్గకపోతే, లేదా కడగొద్దంటే వణికిపోయి ఏడుస్తుంటే, అది మొండితనం అనుకుని కోప్పడకండి, పిల్లల డాక్టర్‌కి చూపించండి, చర్మం గురించే కాదు, ఆ భయం గురించి కూడా చెప్పండి.