స్కాన్ రిపోర్టుతోనే వేరిసెస్ ఉన్నాయో లేదో తేలుతుందా?

మీ నాన్నగారికి సిర్రోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడటం) ఉందని, వేరిసెస్ (అన్నవాహికలో ఉబ్బిన సిరలు) ఉన్నాయేమో చూసే ఎండోస్కోపీ అంటే హడలిపోతున్నారని రాశారు. స్కాన్‌లో స్ప్లీన్ (ప్లీహం) 14.6 సెం.మీ., పోర్టల్ వెయిన్ (లివర్‌కి రక్తం తెచ్చే పెద్ద సిర) 12 మి.మీ., రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు 92 వేలు. వీటితోనే సరిపెట్టుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. రోజూ పొట్ట స్కాన్లు చేసే డాక్టర్ని కాబట్టి సూటిగానే చెప్తాను: ఈ అంకెలతో అయితే ఎండోస్కోపీ వద్దని నేను అనలేనండీ.

పోర్టల్ వెయిన్ 12 అంటే నార్మలే కదా అని నిశ్చింతగా ఉండకండి. 13 దాటితే ఎక్కువ అంటాం నిజమే, కానీ అది గట్టిగా ఊపిరి పీల్చినా, భోజనం చేసి వచ్చినా వెడల్పవుతుంది. పైగా లివర్‌లోకి దారి బిగుసుకుపోయి రక్తం పక్కదారులు పట్టాక, అసలు నాళం మామూలుగానే కనిపించొచ్చు. అన్నవాహికలో ఉబ్బే వేరిసెస్ కూడా అలాంటి పక్కదారే. అందుకే నేను డాప్లర్ (రక్తం ఎటు పారుతోందో చూపే స్కాన్) పెట్టి, బొడ్డు వైపు వెళ్లే సిర తెరుచుకుందా, రక్తం వెనక్కి పారుతోందా అని వెతుకుతాను. అవి కనిపిస్తే పోర్టల్ వెయిన్‌లో ప్రెషర్ పెరిగినట్టే. కనిపించలేదంటే పెరగలేదని మాత్రం కాదు.

ఆ ప్రెషర్‌కి ఉబ్బే స్ప్లీన్ కొలత కొంత నమ్మదగ్గది. కొలవడం అంత తేలికేం కాదు లెండి. ఎడమ చెయ్యి తల మీదికి పెట్టించి ఊపిరి ఆపమంటాం. పై అంచు మీదికి ఊపిరితిత్తి గాలి అడ్డొస్తే ఒక సెంటీమీటరు తేడా ఇట్టే వచ్చేస్తుంది. ప్లేట్‌లెట్ల సంఖ్యను స్ప్లీన్ పొడవుతో, మిల్లీమీటర్లలో, భాగించి చూడాలని 2003లో ఇటలీ పరిశోధకులు ప్రతిపాదించారు. 909 కంటే తక్కువొస్తే వేరిసెస్ ఉండే అవకాశం ఎక్కువ. మీ నాన్నగారి లెక్క 92,000ను 146తో భాగిస్తే సుమారు 630. కొలతలో సెంటీమీటరు అటూ ఇటూ అయినా 909 దరిదాపుల్లోకి రాదు.

ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతి ఫైబ్రోస్కాన్, అంటే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్. 2015 నాటి బవేనో (పోర్టల్ ప్రెషర్ మీద అంతర్జాతీయ నిపుణుల సమావేశం) సూచనల ప్రకారం లివర్ గట్టిదనం 20 కిలోపాస్కల్స్ కంటే తక్కువ, ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే ఎక్కువ, ఈ రెండూ ఉంటే ఎండోస్కోపీ వాయిదా వేయొచ్చు, ఏటా ఈ రెండూ మళ్లీ చూపించుకుంటే చాలు. మీ నాన్నగారు ప్లేట్‌లెట్ల దగ్గరే ఆగిపోయారు. పొట్టలో నీరు చేరినవాళ్లకు ఈ వెసులుబాటు అసలు వర్తించదు. ఎవరైనా ఈ టెస్టుకి వెళ్తే కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. కామెర్లు, లివర్ వాపు ఉన్నప్పుడు చేయిస్తే రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువొచ్చి అనవసరపు టెన్షన్.

మీరు డాక్టర్ని అడగాల్సింది ఇంకొకటుంది: కార్వెడిలాల్ మొదలుపెట్టే ఆలోచన ఉందా అని. పోర్టల్ ప్రెషర్ తగ్గించడానికి అది వాడుతున్నవాళ్లకు, ఇంకా నీరు చేరడం లాంటివి రాకపోతే, కొత్త సూచనలు వేరిసెస్ కోసం ఎండోస్కోపీ పట్టుబట్టడం లేదు. ఆస్తమా, లో బీపీ ఉంటే ముందే చెప్పండి. అది కుదరకపోతే, భయం పోగొట్టడానికి మత్తు ఇచ్చి కూడా ఎండోస్కోపీ చేస్తారు. ఏదైనా కనిపిస్తే ఆ ఉబ్బిన సిరకు రబ్బరు బ్యాండ్ వేయడం దాంతోనే అయిపోవచ్చు.

ఈలోగా నెత్తురు వాంతి అయినా, మలం తారులా నల్లగా వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఐరన్ మాత్రలకు కూడా నల్లగా వస్తుంది, కానీ అది మాత్రల వల్లేనా కాదా అన్నది అక్కడి వాళ్లే తేల్చాలి.