నీతిశాస్త్రం చదివితే ఉద్యోగం ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో ఫిలాసఫీ తీసుకుంటానంటోంది. అందులోనూ నీతిశాస్త్రమే లోతుగా చదవాలని పట్టుదల. ఎప్పుడు చూసినా అరిస్టాటిల్, కాంట్ అంటూ అవే పుస్తకాలు. లెక్కల్లోనూ మంచి మార్కులే వస్తాయి. అంత సరదాగా ఉంటే ఆరు నెలల ఏఐ ఎథిక్స్ (ఏఐ వాడకంలో మంచిచెడ్డలు) సర్టిఫికెట్ కోర్సు చెయ్యమన్నాను, డిమాండ్ ఉందంటున్నారు కదా. వినడం లేదు. రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: సబ్జెక్టు పేరు మారుతుంది గానీ, ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయండీ. పైకి అడిగేది ‘ఏది మేలు’ అని. లోపలి భయం వేరు: చదువయ్యాక పిల్ల ఖాళీగా కూర్చుంటే? నలుగురూ అడిగితే ఏం చెప్పుకోవాలి? ముందు ఆ టెన్షన్ సంగతి చూద్దాం.

ఫిలాసఫీ డిగ్రీ చూసి వెంటనే పిలిచి ఉద్యోగమిచ్చే చోట్లు తక్కువ. ఆ మాట దాచను. బోధన పోస్టులకు పోటీ ఎక్కువ. చాలామంది దీని తర్వాత లా, జర్నలిజం, పబ్లిక్ పాలసీ లాంటి ఇంకో చదువు చదివి స్థిరపడతారు. ఇది ఇప్పటి కష్టమేమీ కాదు. కాంట్‌కు ప్రొఫెసర్ పదవి దక్కింది 1770లో, నలభై అయిదేళ్ల వయసులో. అంతకుముందు ఏళ్లతరబడి విద్యార్థులిచ్చే ఫీజులతో నెట్టుకొచ్చాడు. బ్రిటిష్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగం చేస్తూనే రాశాడు.

ఇక మీరు చెప్పిన కోర్సు. నాకు దాని మీద అంత నమ్మకం లేదు. నేను చూసిన సిలబస్‌లలో కాంట్‌కు ఒక స్లైడు, ఎక్కువమందికి మేలు చేసేదే మంచి పని అన్న బెంథామ్‌కు ఒక స్లైడు, ఆ తర్వాత పట్టాల మీద ట్రాలీ బొమ్మ: అదుపు తప్పిన ట్రాలీ అయిదుగురి మీదికి పోతుంటే, ఒక్కడున్న పట్టా మీదికి మళ్లించవచ్చా అని. ఆ ట్రాలీ ఉదాహరణను 1967లో బ్రిటిష్ తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ వాడింది అబార్షన్ మీద వాదన నడుపుతూ. కావాలని చేసే కీడుకూ, ఉద్దేశం కాకపోయినా జరుగుతుందని ముందే తెలిసిన కీడుకూ తేడా ఎక్కడుందన్నది ఆవిడ ప్రశ్న. కోర్సులో అది ‘డ్రైవర్ లేని కారు ఎవరిని గుద్దాలి’ అనే క్విజ్ అయిపోయింది. టిక్ పెడితే సర్టిఫికెట్. కంపెనీకి కావలసింది టెక్నాలజీ గానీ చట్టం గానీ బాగా తెలిసిన మనిషి, లేదా వాదనలో లొసుగు పట్టగల మనిషి. ఆరు నెలల్లో వీటిలో ఏదీ రాదు. పైగా 2022, 23ల్లో పెద్ద టెక్ కంపెనీలు ఉద్యోగాలు కోసినప్పుడు కొన్నిచోట్ల ఏఐ ఎథిక్స్ టీములూ పోయాయి.

నీతిశాస్త్రం లోతుగా చదివినవాళ్లు చేసే అసలు పని ఎలా ఉంటుందో చూడండి. కొత్త మందు పరీక్షలో చేరే రోగి సంతకం పెట్టే కన్సెంట్ ఫారం ఒకటి ఉందనుకుందాం. మొదటి పేజీలో ‘మీరు ఎప్పుడైనా తప్పుకోవచ్చు’. మూడో పేజీలో, తప్పుకుంటే ఉచిత చికిత్స ఆగిపోతుందని. బెంథామ్ దారిలో వెళ్లేవాళ్లు మందు పనిచేస్తే ఎందరికి మేలో లెక్కేస్తారు. మనిషిని కేవలం సాధనంగా వాడుకోవద్దని 1785లో కాంట్ రాసింది చదివినవాళ్లు ఆ మూడో పేజీ దగ్గర ఆగిపోతారు: చేతిలో డబ్బు లేని రోగి నిజంగా తప్పుకోగలడా? మనిషి గుణమే ముఖ్యమన్న అరిస్టాటిల్‌ను చదివినవాళ్లయితే, ఈ కాగితం రోగికి వివరించే డాక్టరు ఎలాంటి మనిషి అని అడుగుతారు. ఈ ప్రశ్నలు ఎవరూ అడగకపోతే ఏమవుతుందో అమెరికాలో టస్కిగీ అనే ఊళ్లో జరిగిన వైద్య పరిశోధన చూపించింది. 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు, పెన్సిలిన్ వచ్చాక కూడా, వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చున్నారు. అది బయటపడ్డాక వేసిన కమిషన్ కోసం మనుషుల మీద పరిశోధనలకు నీతి సూత్రాలు చెప్పిన 1979 నాటి బెల్మాంట్ నివేదిక మీద పనిచేసినవాళ్లలో ఫిలాసఫీ చదివినవాళ్లూ ఉన్నారు.

ఒక మాట కటువుగా చెప్తాను, ఏమీ అనుకోకండి. పిల్ల పుస్తకాలు వదలకుండా చదువుతుంటే ‘సరదా’ అని రాశారు. అవే గంటలు కోచింగ్ మెటీరియల్ మీద పెడితే ‘కష్టపడుతోంది’ అని రాసేవారు కాదూ? మిల్ తండ్రి కొడుక్కి మూడేళ్లకే గ్రీకు మొదలుపెట్టించాడు, చదువంతా తన చేతుల మీదే నడిపించాడు. ఆ కొడుకు ఇరవై ఏళ్లకే నిరాశలో కూరుకుపోయానని ఆత్మకథలో రాసుకున్నాడు. మీ అమ్మాయి ఎవరూ తోయకుండానే చదువుతోంది. అదృష్టవంతులు మీరు!

పోలిక అడిగారు కాబట్టి: డిగ్రీయే. సర్టిఫికెట్ కావాలంటే రెండో ఏడాది సెలవుల్లో చేసుకుంటుంది, అప్పుడు ఆ స్లైడ్లలో తప్పులు తనే పట్టుకుంటుంది. లెక్కలు వచ్చన్నారు కదా, నీతిశాస్త్రంతో పాటు లాజిక్, స్టాటిస్టిక్స్ కూడా తీసుకునే వీలున్న కాలేజీ చూడండి. దరఖాస్తు నింపేటప్పుడు పక్కన కూర్చోండి చాలు, పెన్ను మాత్రం ఆమె చేతిలోనే ఉండనివ్వండి.