పాత సఫారీ సస్పెన్షన్, చేతిలో 20 వేలు: షాక్‌ల కంటే ముందు బాల్ జాయింట్లు చూడండి

మీరు రాసినదాన్ని బట్టి బండి 2011 టాటా సఫారీ డైకార్. గుంతలో పడితే ముందు ఎడమవైపు నుంచి టకటక చప్పుడు, హైవే మీద స్పీడు పెరిగితే వెనక భాగం పక్కకి ఊగుతోంది, సర్వీస్ సెంటర్ వాళ్ళు 70 వేల పైన ఎస్టిమేట్ ఇచ్చారు, మీ దగ్గర 20 వేలున్నాయి, చింతామణి మీదుగా మదనపల్లెకు అమ్మానాన్నల దగ్గరికి తరచూ వెళ్ళొస్తుంటారు. నాలుగు షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) మార్చేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. నా దగ్గరా డైకారే ఉంది, బెంగళూరులో కాడుగోడి వైపు ఉంటాను, అనంతపురం వెళ్ళొస్తుంటాను, ఇదే పని తక్కువ డబ్బుతో చేయించుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. ఆ 20 వేలూ ఇప్పుడే షాక్‌ల మీద పెట్టకండి.

కారణం ఇది. బండి బరువు మోసేది స్ప్రింగు, మన సఫారీలో అయితే ముందు టార్షన్ బార్ (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ), వెనక కాయిల్ స్ప్రింగ్. షాక్ చేసే పని ఆ ఊపుని ఆపడం మాత్రమే. చక్రాన్ని దాని చోట నిలబెట్టేది మాత్రం ఆర్ములు (చక్రాన్ని చాసిస్‌కి కలిపే ఉక్కు చేతులు), వాటి చక్రం వైపు చివర ఉండే బాల్ జాయింట్లు (గుండ్రని కీళ్ళు), చాసిస్ వైపు ఉండే రబ్బరు బుష్‌లు. షాక్ నీరసపడితే బండి ఎగురుతుంది, బ్రేక్ వేసినప్పుడు ముక్కు కిందికి దిగుతుంది, గతుకుల రోడ్డు మీద ఆగే దూరం పెరుగుతుంది, అది మంచిది కాదు కానీ బండి మీ చేతిలోనే ఉంటుంది. లోయర్ బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది, ఆ తర్వాత స్టీరింగ్ తిప్పినా లాభం లేదు. డబ్బు తక్కువ ఉన్నప్పుడు ముందు ప్రాణం మీదికి వచ్చే పార్టు, తర్వాత టైర్లు తినేసే పార్టు, ఆఖర్న సుఖం, ఈ వరసలో ఖర్చు పెట్టాలి. ఎస్టిమేట్‌లో ఈ వరస కనబడదు, అన్నీ ఒకే కాగితం మీద సమానంగా రాసేస్తారు.

ఇంకో సంగతి, గుంతలో టక్కుమనే చప్పుడు చాలాసార్లు షాక్‌ది కాదు. నా బండికి కూడా మొదట చూసిన మెకానిక్ షాక్‌లు పోయాయనే అన్నాడు. నేను బానెట్ మూల మీద బరువంతా వేసి కిందికి నొక్కి వదిలి చూశాను, ఒకసారి పైకొచ్చి నిలబడిపోయింది, రెండు మూడు సార్లు ఊగలేదు, షాక్ ఒంటి మీద కారిన ఆయిలూ లేదు. పైపైన కాస్త తేమ ఉంటే భయపడక్కర్లేదు, కింద దాకా తడిసి మట్టి పేరుకుంటే మాత్రం అది పోయినట్టే. ఆ పరీక్షతో షాక్ పూర్తిగా బాగుందని తేలదు, నిజమే, కానీ ఆ చప్పుడుకి కారణం వేరే చోట వెతకాలని తెలిసింది. చివరికి అది యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే కడ్డీ) లింక్ రాడ్లలో, ఎడమ లోయర్ ఆర్మ్ బుష్‌లో బయటపడింది.

డబ్బు పెట్టే ముందు ఒక ఉదయం తీరిగ్గా ఈ చెకింగ్ చేయించండి. మీరు పక్కనే నిలబడి చూడండి. లోయర్ ఆర్మ్ కింద, చక్రానికి వీలైనంత దగ్గరగా జాకీ పెట్టి లేపమనండి, పక్కన స్టాండ్ తప్పనిసరి, ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు. చాసిస్ కింద జాకీ పెట్టి లేపితే ఆర్మ్ కిందికి వేలాడి, స్ప్రింగు బిగువు జాయింట్లని లాగి పట్టేస్తుంది, అరిగిపోయిన బాల్ జాయింట్ కూడా గట్టిగా ఉన్నట్టే కనబడుతుంది. చాలామంది ఇక్కడే పొరబడి జాయింట్ బాగుందని చెప్పేస్తారు. లేపాక చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే ఇంకొకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి, బ్రేక్ తొక్కినప్పుడు కదలిక పోతే అది వీల్ బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. చక్రం కింద కడ్డీ పెట్టి పైకెత్తితే జాయింట్ వదులు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అటూ ఇటూ, అంటే కుడి ఎడమ పట్టుకుని ఊపితే కదిలేది టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు) గానీ స్టీరింగ్ లింకేజీ గానీ. బండిని నేల మీద పెట్టి ఒకరు స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూఇటూ తిప్పుతుంటే మీరు టై రాడ్ ఎండ్ మీద చెయ్యి ఆనించి చూడండి, వదులుంటే వేళ్ళకే తగులుతుంది. బుష్‌లకి మాత్రం టైర్ లివర్ లాంటిది దూర్చి పక్కకి నెట్టాలి, రబ్బరు చీలి ఇనుముకి ఇనుము తగులుతోందా అన్నది అప్పుడు కనబడుతుంది.

లింక్ రాడ్ సంగతి తేల్చడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది. రెండు వైపులా లింక్ రాడ్లు విప్పేసి, మీ వీధిలోనే నెమ్మదిగా స్పీడ్ బ్రేకర్ల మీద నడిపి చూడండి. చప్పుడు మాయమైతే దొరికినట్టే, ఇవన్నిటిలోకీ చవక పార్టు అదే. విప్పి ఉన్నప్పుడు మలుపుల్లో బండి ఎక్కువ ఒరుగుతుంది కాబట్టి మెయిన్ రోడ్డు ఎక్కకండి.

ఇప్పుడు మీ 20 వేల లెక్క. ముందు భాగం ఒకసారి విప్పితే కూలీ ఎలాగూ ఇవ్వాల్సిందే, ఆర్మ్ బయటికొచ్చాక బాల్ జాయింట్ మార్చినా బుష్ మార్చినా అదనపు కూలీ పెద్దగా ఉండదు. అందుకే వదులున్న బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు అన్నీ ఒకే విడతలో చేయించండి, ఎడమవైపే చప్పుడు వస్తోందని ఒక్క వైపే మార్చి వదిలేయకండి. నాకు పార్టులకి సుమారు 10 వేలు, కూలీకీ లేత్ షాపులో బుష్‌లు ప్రెస్ చేయించడానికీ కలిపి 4, 5 వేలు, ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ ఖర్చూ అయ్యాయి. ధరలు ఇప్పుడు కొంత పెరిగి ఉంటాయి కానీ మీ బడ్జెట్‌లో పడుతుంది. ఎస్టిమేట్ 70 వేలు దాటడానికి ఒక కారణం ఆర్మ్‌లు మొత్తంగా కొత్తవి రాసి ఉండడం అయి ఉంటుంది, చూడండి. ఆర్మ్ ఉక్కు, వంగకపోతే, పగులు రాకపోతే, తుప్పు తినకపోతే దాన్ని పారేయక్కర్లేదు. పాత బుష్ కొట్టి తీసి కొత్తది హైడ్రాలిక్ ప్రెస్‌తో ఎక్కిస్తారు. సుత్తితో కొట్టి ఎక్కించే చోట మాత్రం వద్దు, బయటి రింగు వంకర పోతుంది.

ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి, ఈ సమాధానంలో ఇంకేదీ గుర్తులేకపోయినా ఫర్వాలేదు. రబ్బరు బుష్ ఉన్న ఆర్మ్ బోల్టుల ఆఖరి బిగింపు చక్రాలు నేల మీద ఉండి బండి బరువు వాటి మీద పడ్డాకే చేయాలి. బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి రింగుకీ అతుక్కుని ఉంటుంది, ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు ఆ రబ్బరే మెలి తిరిగి మళ్ళీ సర్దుకుంటుంది. బండి జాకీ మీద ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడే బోల్టు బిగించేస్తే, కిందికి దించగానే రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలిపడి అలాగే ఉండిపోతుంది, ఆగి ఉన్నా నడుస్తున్నా ఆ బిగువు పోదు, గుంత వచ్చిన ప్రతిసారీ ఇంకా మెలిపడి కొన్ని నెలల్లోనే చీలిపోతుంది. అప్పుడు అందరూ నాసిరకం పార్టు వచ్చిందని అంగడివాడిని తిడతారు. పార్టు తప్పు కాదది, బిగించిన పద్ధతి తప్పు. మెకానిక్‌కి ఈ మాట పని మొదలుపెట్టక ముందే మర్యాదగా చెప్పండి, "అన్నా, బోల్టులు చేత్తో పట్టించి, బండి దించాక ఫైనల్ టైట్ చేద్దాం" అంటే అర్థం చేసుకుంటాడు. ర్యాంపో, గోతి పిట్టో ఉన్న షెడ్డు చూసుకుంటే ఈ పని సులువు, నేను కేఆర్ పురం దగ్గర పిట్ ఉన్న షెడ్డుకి వెళ్ళింది అందుకే.

ముందు భాగం కిందికి దిగినట్టుంటే కొందరు టార్షన్ బార్ బోల్టు నాలుగు చుట్లు తిప్పి "సార్, కొత్త బండిలా అయింది" అంటారు. ఆ బోల్టు మార్చేది ఎత్తుని మాత్రమే, బార్ గట్టిదనాన్ని కాదు. రెండు వైపులా ఎత్తు తేడా ఉంటే సరిచేయడానికి అది మంచిదే, కానీ ఎక్కువ ఎత్తితే చక్రం కిందికి దిగే జాగా తగ్గిపోయి గుంత దాటగానే ఠప్పుమని తగులుతుంది, చక్రాల కోణాలు మారి టైర్లు ఒక అంచున అరుగుతాయి. తిప్పితే అలైన్‌మెంట్ మళ్ళీ చేయించాల్సిందే, కాబట్టి అలైన్‌మెంట్‌కి ముందే ఆ పని ముగించండి.

వెనక ఊగడం గురించి. సఫారీ వెనక యాక్సిల్‌ని పట్టేవి ఐదు లింకులు (ఫైవ్ లింక్), అందులో నాలుగు లింకులు యాక్సిల్ ముందుకీ వెనక్కీ పోకుండా పడతాయి, అడ్డంగా ఉండే పాన్‌హార్డ్ రాడ్ పక్కకి జరక్కుండా పడుతుంది. హైవే మీద లారీ దాటినప్పుడు వెనక భాగం పక్కకి నెట్టినట్టుంటే ముందు ఆ రాడ్ రెండు చివర్ల బుష్‌లు చూడండి. చిన్న ఖర్చు, తేడా మాత్రం మొదటి కిలోమీటర్లోనే తెలుస్తుంది. దాంతో పాటు టైర్లలో గాలి డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నట్టే ఉందో లేదో కూడా చూసుకోండి.

పార్టులు ఎక్కడ అంటే, జేసీ రోడ్. అక్కడ తెలుగులో అడిగినా చాలా షాపుల్లో పని జరిగిపోతుంది. పాత పార్టు చేతిలో పట్టుకెళ్ళండి, సఫారీలో ఏళ్ళు మారే కొద్దీ మార్పులొచ్చాయి, ఫొటో చూపిస్తే పొరపాటు పార్టు రావచ్చు. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు టాటా జెన్యూన్ గానీ, చెన్నై రానే గ్రూపు తయారుచేసేవి గానీ తీసుకోండి, పేరు లేని డబ్బాలో సగం ధరకి ఇస్తామన్నా వద్దు, బిల్లు అడిగి తీసుకోండి. శివాజీనగర్ గుజరీలో (పాత సామాన్ల బజారు) ఉక్కు వస్తువులు, అంటే వంగని ఆర్మ్, టార్షన్ బార్, వెనక కాయిల్ స్ప్రింగు లాంటివి చూసుకుని కొనొచ్చు. రబ్బరు, బాల్ జాయింట్, షాక్, ఈ మూడూ వాడినవి కొనకండి. ఆయిల్ నింపి మళ్ళీ అమ్మే షాక్‌లూ వద్దు, లోపల వాల్వులూ సీళ్ళూ అరిగినవే ఉంటాయి, కొన్నాళ్ళకే మళ్ళీ కారతాయి.

అన్నీ అయ్యాక అలైన్‌మెంట్ ఆఖర్న, క్యాంబర్, క్యాస్టర్, టో అనే చక్రాల కోణాలు మూడూ చూసే చోట, ముందూ తర్వాతా కొలతల ప్రింట్ తీసుకోండి. టో ఒక్కటే సర్ది పంపేస్తే మీ కొత్త పార్టులకి అర్థం లేదు. షాక్‌లు మళ్ళీ డబ్బు కూడాక, వెనకవి రెండూ ఒకసారి, ముందువి రెండూ ఒకసారి, ఎప్పుడూ జంటగానే. టైరు మీద చెయ్యి పెట్టి నిమిరితే గుంటలు గుంటలుగా అరిగినట్టు తగిలితే ఆ జంటని ముందు మార్చండి, గాబ్రియేల్ కంపెనీవి చాలు, దిగుమతి షాక్‌లు మన రోడ్లకి అవసరం లేదు.

ఇంత ఖర్చు పెట్టే విలువ బండికి ఉందా అనే సందేహం కూడా మీ ప్రశ్నలో కనబడింది. 15 ఏళ్ళు నిండగానే ఆర్‌సీ రెన్యూవల్‌కి ఇన్‌స్పెక్షన్ చూపించాలి, కారు రీ-రిజిస్ట్రేషన్ ఫీజు 2022 ఏప్రిల్‌లోనే 600 నుంచి 5,000 అయింది, కర్ణాటకలో గ్రీన్ ట్యాక్స్ అదనం. ఇంజినూ చాసిస్సూ బాగుంటే నేనైతే ఖర్చు పెడతాను. చాసిస్ తుప్పు పట్టి ఆర్మ్ మౌంటింగ్ దగ్గర పొరలు ఊడుతుంటే పెట్టను, అది చెకింగ్ రోజే చూడమనండి.

ఆ చెకింగ్ అయ్యేదాకా మదనపల్లె ప్రయాణం పెట్టుకోకండి, అమ్మానాన్నల్ని చూడాలంటే ఈసారికి బస్సులో వెళ్ళిరండి. జేసీ రోడ్‌కి వెళ్ళేది మాత్రం ఆదివారం కాకుండా మామూలు రోజు పొద్దున్నే, ఆదివారం చాలా షాపులు మూసే ఉంటాయి.