అంబాసిడర్ వెనక కమాన్లు ఇంటికాడనే తగ్గించొచ్చా?

కరీంనగర్ తమ్ముడు అడిగింది ఇదీ: పాత అంబాసిడర్ వెనకభాగం రెండు ఇంచులు దించాలె, ఇంట్ల జాకీ, పానాలు ఉన్నయి, కమాన్ (లీఫ్ స్ప్రింగు) కట్టల నుంచి రెండేసి పట్టీలు తీస్తే సరిపోతదా, లేకుంటే గ్యాస్‌తో కాల్చి వంపు తగ్గించాల్నా అని.

రెండూ వద్దు తమ్మీ. మొదటిది నేను చేసి చూసిన.

హన్మకొండల మా వాకిట్లనే ఓ ఆదివారం బాపు అంబాసిడర్ కిందికి దూరి, రెండు దిక్కులా కింది చిన్న పట్టీలు రెండేసి తీసేసిన. ఇంచు మీద కొంచెం దిగింది. ఒక్కణ్ణే నడిపినన్ని రోజులు మంచిగనే అనిపించింది, చూసినోళ్లు కూడ బాగుందన్నరు.

తర్వాత పరకాలల పెండ్లి. వెనక సీట్ల అమ్మ, ఇద్దరు పెద్దమ్మలు, డిక్కీల బియ్యం సంచి. గూడెప్పాడ్ కాడ స్పీడ్ బ్రేకర్ దాటంగ సైలెన్సర్ గీసుకపోయింది. లెక్క ప్రకారమైతే బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలె. మన దిక్కు మాత్రం పొలం గట్టు పోసినట్టు పోస్తరు. అది చిన్న సంగతే. పరకాల రోడ్డెక్కినంక ఓ గుంతల పడంగనే కింద ఫట్‌మన్నది. అక్కడికెల్లి స్టీరింగ్ సక్కగ పట్టినా బండి ఓ పక్కకు గుంజుడు. దిగి చూస్తే కుడి వెనక చక్రం మడ్‌గార్డుకు ఆనింది.

తప్పు యూ బోల్టుల కాడ, అంటే కమాన్ కట్టను యాక్సిల్‌కు బిగించి పట్టే బోల్టుల కాడ. పట్టీలు తీస్తే కట్ట మందం తగ్గుతది గదా, నేను పాత యూ బోల్టులకే నట్లు బిగించిన. మర అయిపోయి నట్టు ఆగితే గట్టిగ పట్టిందనుకున్న. కట్టను అది పట్టనే లేదు. గుంజుడంతా పట్టీలన్నిటినీ నడుమ గుచ్చి పట్టే సెంటర్ బోల్టు మీద పడి అది తెగింది, యాక్సిల్ వెనక్కి జరిగింది. పెద్దమ్మలు ఆటోల పెండ్లికి పోయిన్రు. ఆ కారు పేరెత్తితే ఇప్పటికీ నవ్వుతరు.

వరంగల్ ఆటోనగర్‌ల కమాన్లు కొట్టే ఓ చాచా ఉండె. నేను గ్యాస్ సంగతి అడిగితే, “కమాన్‌కు మంట చూపెడితే సచ్చిపోతది బేటా” అన్నడు. నిజమే. స్ప్రింగు ఉక్కును కాల్చి, నూనెల ముంచి, మళ్ల మితంగ వేడి చేసి వంగి మళ్ల లేచే గుణం తెస్తరు. ఇంటి మంటతో ఆ గుణం పోతది. ఆ జాగల పట్టీ కుంగుతది, లేదా ఇరుగుతది. చాచా నా పట్టీలన్నీ తిరిగి పెట్టిచ్చి, ఒక్కో పట్టీని చల్లగనే సుత్తెతో కొట్టి, వంపుల ఇంచు తీసిండు. బండి దాదాపు అంతే దిగింది, బరువు మోసే బలం మాత్రం పోలేదు. కొత్త యూ బోల్టులు, కొత్త సెంటర్ బోల్టు వేసినం, వారం తిరిగినంక మళ్ల బిగించినం.

వంపు తగ్గితే కమాన్ పొడుగైతది, దాని వెనక కొసను ఛాసిస్‌కు కలిపే ఊగే బద్ద (షాకిల్) వెనక్కి వాలుతది. అది ఛాసిస్‌కు ఆనిందంటే కమాన్ కదలదు. అందుకే రెండు ఇంచులు ఒక్కసారి వద్దంటున్న. ఇంకోటి, వెనక మాత్రమే దించితే హెడ్‌లైట్లు ఎదుటోళ్ల కండ్లల్ల కొడతయి. ముందు దిక్కు ఉన్నయి టార్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగు లెక్క పనిచేసే కడ్డీలు) గనుక వాటిని కూడ సర్దించి లైట్లు సెట్ చేయించు.

కట్టలు నువ్వే విప్పుతనంటే ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టు, జాకీని నమ్మి కిందికి పోవద్దు. సెంటర్ బోల్టు విప్పే ముందు కట్టకు రెండు దిక్కులా సి క్లాంపులు బిగించు, లేకపోతే పట్టీలు ఎగిరి మొఖానికి తాకుతయి. కొట్టే పని మాత్రం షెడ్డుల ఇయ్యి.

ఆర్సీ సంగతి కూడ ఉన్నది. 15 ఏండ్లు దాటిన బండిని ఐదేండ్లకోసారి రెన్యువల్‌కు చూపెట్టాలె. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జుర్మానా, ఆరు నెలల దాకా జైలు కూడ చట్టంల ఉన్నది.

ముందుగాల వెనక ముగ్గురిని కూసోబెట్టి, యాక్సిల్‌కూ, అది పైకి లేచి తాకకుంట అడ్డముండే బంప్ రబ్బరుకూ నడుమ ఎంత సందు మిగిలిందో కొలిచి చెప్పు. ఎంత దించొచ్చో అప్పుడు మాట్లాడుదం.