ఆఫీసులో అందరికీ ఫైర్‌ఫాక్స్: భీమవరం నుంచి మా అనుభవం

విండోస్, లినక్స్ రెండూ ఉన్న ఆఫీసులో అందరికీ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఒక్కటే పెడితే ఇబ్బంది వస్తుందా అని అడిగారు. ధైర్యంగా పెట్టండి. భీమవరంలో రొయ్యలు కొని ఎగుమతి చేసే సంస్థలో కంప్యూటర్ల బాధ్యత నాది. లెక్కల విభాగంలో విండోస్, చెరువుల దగ్గరి కొనుగోలు కేంద్రాల్లో లినక్స్ వాడుతున్నాం. బ్రౌజర్ ఒక్కటే కావడంతో, అమలాపురం కేంద్రం నుంచి వచ్చిన గుమాస్తా ఇక్కడ ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తడుముకోకుండా బిల్లు వేస్తారు.

మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది సర్టిఫికెట్, అంటే సైటు అసలుదేనని బ్రౌజర్‌కు చూపే గుర్తింపు పత్రం. మా బిల్లుల సైటు ఆఫీసు సర్వరులోనే ఉంటుంది, దాని సర్టిఫికెట్ మేం సొంతంగా తయారు చేసుకున్నదే. విండోస్‌లో చేర్చాం కదా, చాలనుకున్నాం. తాను నమ్మే సర్టిఫికెట్ల జాబితా ఫైర్‌ఫాక్స్‌కు వేరే ఉంటుందని అప్పటికి తెలియదు. ఒక తెల్లవారుజామున పట్టుబడి అయిపోయింది, రొయ్యలు ఐసులో ఉన్నాయి, రైతులు బిల్లు కోసం నిలబడ్డారు. తెర మీద చూస్తే భద్రతా హెచ్చరిక! పట్టించుకోకుండా ముందుకు వెళ్లమని ఫోనులో నేనే చెప్పాను. అది నా తప్పు. కొన్నాళ్లకు మా వాళ్లు ఏ సైటులో హెచ్చరిక వచ్చినా చదవకుండా నొక్కేయడం చూసి భయం వేసింది. డబ్బు లావాదేవీలు జరిగే చోట ఆ అలవాటు చాలా ప్రమాదం. దయచేసి మీవాళ్లకు నేర్పకండి.

2023 నవంబరులో వచ్చిన 120వ వెర్షన్ నుంచి, విండోస్‌లోనూ మాక్‌లోనూ మనం చేర్చిన సర్టిఫికెట్లను ఫైర్‌ఫాక్స్ తానే తీసుకుంటోంది. లినక్స్‌కు మాత్రం పాలసీల ఫైలులో, అంటే ఫైర్‌ఫాక్స్ ఎలా నడవాలో ఆఫీసు తరఫున రాసి పెట్టే ఫైలులో, సర్టిఫికెట్ పేరు రాసి పెట్టాలి. 2018లో వచ్చిన 60వ వెర్షన్ నుంచి ఈ ఫైలు సౌకర్యం ఉంది. హోంపేజీ, ప్రాక్సీ, ఏ యాడ్-ఆన్లు ఉండాలి అన్నవి కూడా అందులోనే రాయవచ్చు. ఫైలు పనిచేస్తోందో లేదో అడ్రసు పట్టీలో about:policies అని కొట్టి ఆ పేజీ తెరిస్తే తెలుస్తుంది.

ఫైర్‌ఫాక్స్‌లో సంస్థల కోసం ఇచ్చే ఈఎస్‌ఆర్ (ESR) రకాన్నే ఎంచుకోండి. భద్రతా సవరణలు ఎప్పటికప్పుడు వస్తాయి, పెద్ద మార్పులు మాత్రం సుమారు ఏడాదికి ఒకసారే. పట్టుబడుల కాలంలో మీటల చోటు మారితే మా వాళ్లు ఎంత అవస్థ పడతారో నేను చూశాను.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం రాసిన పాత సైటు ఏదైనా ఉంటే దానికి విండోస్‌లోని ఎడ్జ్ బ్రౌజర్‌లో, పాత ఎక్స్‌ప్లోరర్‌లా పనిచేసే ఐఈ మోడ్ వాడుకోండి. అన్నిటికంటే ముందు, ఆఫీసుకు దూరంగా ఉన్న ఒక లినక్స్ కంప్యూటర్‌లో పెట్టి, నిజమైన బిల్లు ఒకటి వేయించి చూడండి.