ఉప్పూ కర్పూరమూ అరచేతిలో పోసుకుని చూడు

కాచిగూడ, హైదరాబాద్

చిన్నీ,

మన కవులు లోకాన్ని ఎట్లా చూశారో చదవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి తాతయ్యా అని ఫోన్లో అడిగావు. చదువు. నాలాగా మాత్రం చదవకు. కాలేజీ రోజుల్లో నేను పద్యాలు బట్టీ పట్టింది వాదనలో అవతలివాడి నోరు మూయించడానికే. నోళ్ళు మూతపడ్డాయి గానీ, నలభై ఏళ్ళొచ్చేదాకా ఆ పద్యాలు నా బుర్రకెక్కలేదు.

ముందు వేమనను తీసుకో. 'ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు' నీకు చిన్నప్పుడే వచ్చు. మరి ఎప్పుడైనా ఉప్పును చూసి కర్పూరం అనుకున్నావా? ఎట్లా అనుకుంటావు, మీ ఇంట్లో ఉప్పు ప్యాకెట్లో పొడి, కర్పూరమేమో గుండ్రటి బిళ్ళలు! నేనొకసారి బేగంబజార్‌లో గుప్పెడు కల్లుప్పు, చిటికెడు పచ్చకర్పూరం పలుకులు కొని, రెండూ అరచేతిలో పోసుకుని ఎండలో చూశాను. రెండూ తెల్లగా మెరిశాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే గానీ ఏది ఏదో తేలలేదు. కొట్టువాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడనుకో. ఆ పద్యం ప్రాణమంతా 'చూడ చూడ'లో ఉందని అప్పుడు తెలిసింది. ఒకసారి చూస్తే చాలదంటున్నాడు. మూడో పాదం దాకా మనుషుల మాటే ఎత్తడు.

కాబట్టి ఏ కవినైనా చదివేటప్పుడు ఆయన చేతిలో ఉన్న వస్తువేమిటో ముందు వెతుక్కో. తాత్పర్యం తర్వాత చూడొచ్చు. ఇంకోటి, చివర 'వినుర వేమ' ఉన్నదల్లా వేమనది కాదు. ఆ మకుటం తగిలించడం ఎవరికైనా తేలికే. 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించేదాకా ఆ పద్యాలు నోళ్ళలోనూ తాటాకుల్లోనూ తిరిగాయి మరి.

గురజాడ 1910లో రాసిన దేశభక్తి గీతం సంగతీ అంతే. 'దేశమంటే మట్టికాదోయ్' అని గోడల మీద రాసి అక్కడితో ఆపేస్తారు. మొత్తం చదువు. ఆయన పాడిపంటలు పొంగాలంటాడు, తిండి కలిగితే కండ కలదంటాడు. ఆయన దేశం అన్నం తినే దేశం.

శ్రీశ్రీని ఇంట్లో కూర్చుని చదవకు, చార్మినార్ దగ్గరికి వెళ్ళు. 1591లో ఎవరు కట్టించారో గైడు గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. రాళ్ళు మోసిన కూలీలెవరని అడిగి చూడు. తాజ్‌మహల్ విషయంలో శ్రీశ్రీ అడిగింది అదే. నన్నడిగితే, ఆయన ఆవేశం కన్నా ఆ ప్రశ్నే ఎక్కువ రోజులు నిలుస్తుంది.

వీళ్ళందరికీ పొత్తు కుదర్చాలని టెన్షన్ పడకు. రాతిని కొలిచేవాళ్ళను వేమన ఎగతాళి చేస్తాడు, పోతన దేవుడి పేరెత్తితే కరిగిపోతాడు. నాకు ఇద్దరూ కావాలి. ఏ పూట ఎవరనేది మోకాళ్ళ నొప్పిని బట్టి ఉంటుంది.

వారానికి ఒక్క పద్యం చాలు. చేత్తో రాసుకో, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోకు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూద్దాం, పొద్దున్నే రా. దొరకనివి సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో అడుగుదాం. వచ్చేటప్పుడు కల్లుప్పు తే, కర్పూరం నా దగ్గరుంది.

మీ తాతయ్య